రక్తంలోని అంకె చెప్పలేనిది: గంజాయి మత్తు, స్టీరింగ్ మీద చేయి

హైదరాబాద్‌లో వారాంతపు రాత్రుల్లో డ్రంక్ అండ్ డ్రైవ్ తనిఖీ ఎలా జరుగుతుందో బండి ఉన్న ప్రతివారికీ తెలుసు. బారికేడ్ల మధ్య బండి నెమ్మదించగానే కానిస్టేబుల్ దగ్గరికి వచ్చి, బ్రెత్ అనలైజర్‌కు కొత్త గొట్టం తగిలించి, "ఊదండి" అంటాడు. కొద్ది క్షణాల్లో తెర మీద ఒక అంకె కనిపిస్తుంది. 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు దాటితే కేసు, దాటకపోతే దారి వదులుతారు. అదే వరుసలో, అరగంట క్రితం సిగరెట్‌లో పొగాకు రాల్చేసి గంజాయి నింపి తాగిన యువకుడు ఒకడు ఉన్నాడనుకుందాం. అతను ఊదితే తెర మీద వచ్చేది సున్నా. ఆ యంత్రం తప్పు చెప్పలేదు, దానికి తెలిసిన ప్రశ్న ఒక్కటే, అది మద్యం గురించి. అలాంటప్పుడు గంజాయిని పట్టే యంత్రం ఒకటి తెస్తే సరిపోతుంది కదా అనిపించడం సహజమే. కానీ చిక్కంతా యంత్రం కొరతలో లేదు. మద్యానికి కుదిరిన కొలబద్ద గంజాయికి కుదరదు, ఎందుకు కుదరదో తెలియాలంటే మొదట మద్యానికి అది ఎలా కుదిరిందో చూడాలి.

మద్యం విషయంలో మనం నమ్ముతున్న అంకెలు ఎవరో కూర్చుని ఊహించినవి కావు. బ్రెత్ అనలైజర్‌ను 1954లో తయారుచేసిన రాబర్ట్ బోర్కెన్‌స్టైన్ అనే అమెరికన్, 1960ల మొదట్లో మిషిగన్ రాష్ట్రంలోని గ్రాండ్ రాపిడ్స్ పట్టణంలో ప్రమాదాలకు గురైన డ్రైవర్లనూ, అవే రోడ్ల మీద క్షేమంగా వెళ్తున్న డ్రైవర్లనూ వేల సంఖ్యలో పరీక్షించి, రక్తంలో మద్యం పెరిగేకొద్దీ ప్రమాదం ఎలా ఎగబాకుతుందో లెక్కకట్టాడు. ఆ లెక్క నిలబడటానికి మద్యం స్వభావమే కారణం. అది నీటిలో ఉప్పులా కలిసిపోతుంది, ఒంట్లో నీరున్న ప్రతిచోటికీ ఇంచుమించు సమానంగా పాకుతుంది, రక్తంలో ఎంతుందో మెదడులోనూ అంతే ఉందనుకోవచ్చు. తరిగేటప్పుడు కూడా గంటకు 100 మిల్లీలీటర్లకు సుమారు 15 మిల్లీగ్రాముల చొప్పున, దాదాపు ఒకే వేగంతో తరుగుతుంది. అందుకే ప్రమాదం జరిగిన రెండు గంటలకు రక్తం తీసినా, ప్రమాద సమయానికి ఎంత ఉండి ఉంటుందో వెనక్కి లెక్కించి కోర్టుకు చెప్పగలుగుతున్నారు.

గంజాయిలో మత్తు కలిగించే ముఖ్య పదార్థం టీహెచ్‌సీ. దాని స్వభావం నూనెది. నూనె పోసిన గిన్నెను వంచేస్తే నూనె క్షణంలో జారిపోతుంది, గిన్నెకు అంటిన జిడ్డు మాత్రం ఎన్ని నీళ్లు పోసినా ఓ పట్టాన వదలదు. టీహెచ్‌సీ రక్తంలో చేసేది కూడా అదే. పొగ పీల్చినప్పుడు ఊపిరితిత్తుల నుంచి నేరుగా రక్తంలోకి దూకి, కొన్ని నిమిషాల్లోనే గరిష్ఠ స్థాయికి చేరుతుంది. అక్కడి నుంచి మెదడులోకి, కాలేయంలోకి, కొవ్వులోకి సర్దుకుపోవడంతో గంట, గంటన్నర తిరిగేసరికి రక్తంలో మిగిలేది ఆ గరిష్ఠంలో చాలా చిన్న వంతు. మనిషి మాత్రం ఇంకా మత్తులోనే ఉంటాడు. ఇంకోవైపు, రోజూ తాగేవాడి కొవ్వులో పేరుకున్న టీహెచ్‌సీ, అతను పూర్తిగా మానేసిన తర్వాత కూడా రోజుల తరబడి, కొందరిలో వారాల తరబడి, కొద్దికొద్దిగా రక్తంలోకి ఊరుతూనే ఉంటుంది. అంటే మత్తులో ఉన్నవాడి రక్తంలో అంకె తక్కువగా, మత్తు లేనివాడి రక్తంలో అంకె ఎక్కువగా కనిపించే అవకాశం నిజంగానే ఉంది. మద్యం విషయంలో ఈ తిరకాసు రాదు.

మత్తు మెదడులో ఏం చేస్తుందో చూద్దాం. మన శరీరం తన అవసరాలకు తానే తయారుచేసుకునే కొన్ని రసాయనాలకు మెదడులో సీబీ1 అనే గ్రాహకాలు, అంటే వాటిని అందుకునే చోట్లు, ఉన్నాయి, టీహెచ్‌సీ వెళ్లి వాటి మీద కూర్చుంటుంది. కదలికలను సర్దే చిన్నమెదడులోనూ, తాజా విషయాలను గుర్తుంచుకునే హిప్పోకాంపస్‌లోనూ ఇవి దట్టంగా ఉంటాయి. ఫలితాన్ని బండి నడిపేవాడి భాషలో చెప్పుకుంటే: అద్దంలో ఇప్పుడే చూసిన లారీ ఎంత దూరంలో ఉందో ఒకటి రెండు క్షణాలు మనసులో పట్టుకుని లేన్ మారాలి, ఆ పట్టు సడలుతుంది. కాలం సాగినట్టు అనిపిస్తుంది, కాబట్టి ఎదురు బండి వచ్చేలోపు ఎంత వ్యవధి ఉందన్న అంచనా తప్పుతుంది. ఒక విషయం మీద నిలిచిన చూపు అక్కడే అతుక్కుపోతుంది, పక్క నుంచి దూసుకొచ్చే ద్విచక్రవాహనం ఆలస్యంగా కంటబడుతుంది. బ్రేకు మీదికి కాలు వెళ్లే సమయం కొద్దిగా పెరుగుతుంది.

వీటన్నిటికంటే స్పష్టంగా కొలవగలిగినది ఒకటుంది. కారు తన లేన్‌లో ఎంత నిలకడగా వెళ్తోందో చూడటానికి, పక్కనున్న తెల్లగీతకూ చక్రానికీ మధ్య దూరాన్ని ఎడతెగకుండా నమోదు చేసి, ఆ దూరం సగటు నుంచి ఎంతగా అటూ ఇటూ ఊగిందో సెంటీమీటర్లలో లెక్కిస్తారు. ఎంత మంచి డ్రైవరైనా ఇరవై సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా ఊగుతూనే ఉంటాడు. నెదర్లాండ్స్‌లో పక్కన శిక్షకుణ్ణి కూర్చోబెట్టి, నిజమైన హైవే మీద, మామూలు రద్దీలోనే చేసిన ఒక పరీక్ష ఫలితాలు 2020లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చాయి. 26 మందికి టీహెచ్‌సీ ఆవిరి పీల్పించి నడిపిస్తే, 40 నుంచి 100 నిమిషాల మధ్య ఆ ఊగిసలాట సగటున 2.33 సెంటీమీటర్లు పెరిగింది. నాలుగైదు గంటల తర్వాత నడిపించినప్పుడు చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. రెండున్నర సెంటీమీటర్లు కూడా లేని ఈ తేడా ఒక లెక్కా అనిపిస్తుంది. అయితే 100 మిల్లీలీటర్లకు 50 మిల్లీగ్రాముల మద్యం ఉన్న డ్రైవరులో కనిపించే పెరుగుదల కూడా ఇంచుమించు ఇంతే, ఆ స్థాయి మన దేశపు చట్టపరిమితిని ఎప్పుడో దాటేసింది. పైగా ఇది సగటు. సగటు కొద్దిగా పెరిగిందంటే, గీత దాటి పక్క లేన్‌లోకి జరిగే సందర్భాలు పెరిగాయని అర్థం. అదే పరీక్షలో గంజాయిలోనే ఉండే సీబీడీ అనే మరో పదార్థాన్ని మాత్రమే ఇచ్చినప్పుడు డ్రైవింగ్‌లో తేడా రాలేదు.

గంజాయి తాగేవారు తరచూ చెప్పే వాదన ఒకటుంది: మందు కొట్టినవాడు ఒళ్లు తెలియకుండా దూసుకుపోతాడు, మేమైతే నెమ్మదిగా, ముందు బండికి దూరంగా, జాగ్రత్తగా వెళ్తాం. దీన్ని కొట్టిపారేయడం తేలికే గానీ, అందులో సగం నిజం ఉంది. అయోవా విశ్వవిద్యాలయంలోని జాతీయ డ్రైవింగ్ సిమ్యులేటర్‌లో, అంటే నిజమైన కారును ఒక పెద్ద గుమ్మటంలో పెట్టి చుట్టూ రోడ్డును తెరల మీద చూపించే చోట, గంజాయినీ మద్యాన్నీ విడివిడిగానూ కలిపీ ఇచ్చి చేసిన ప్రయోగాల ఫలితాలు 2015, 2016లలో వెలువడ్డాయి. మద్యం తాగినవారు వేగం పెంచారు. గంజాయి తాగినవారు వేగం తగ్గించారు, ముందు బండికి దూరమూ పెంచుకున్నారు. తమకు మత్తుగా ఉందని వారికి తెలుసు, దాన్ని సరిచేసుకోవాలని ప్రయత్నిస్తున్నారు.

నిజంలోని రెండో సగం ఇక్కడే ఉంది. డ్రైవింగ్‌లో రెండు రకాల పనులున్నాయి. వేగం ఎంత ఉంచాలి, ఓవర్‌టేక్ చేయాలా వద్దా లాంటివి ఆలోచించి తీసుకునే నిర్ణయాలు. లేన్ మధ్యలో బండిని నిలపడం, స్టీరింగ్‌ను అణుమాత్రంగా సర్దుతూ ఉండటం లాంటివి ఏళ్ల అలవాటుతో చేతులకు అబ్బి, మనసు ప్రమేయం లేకుండా జరిగిపోయే పనులు. మద్యం ముందుగా మొదటి రకాన్ని దెబ్బతీస్తుంది, గంజాయి రెండో రకాన్ని. గంజాయి తాగిన డ్రైవరు చేతుల్లోంచి జారిన పనిని తలతో చేయాలని చూస్తాడు, ఖాళీ రోడ్డు మీద చాలావరకు చేయగలుగుతాడు కూడా. కానీ తల మొత్తం బండిని గీతల మధ్య ఉంచడానికే ఖర్చయిపోతే, అరకు ఘాట్ రోడ్డులో మలుపు తిరగగానే ఎదురుగా బస్సు కనబడినప్పుడో, విజయవాడ హైవే మీద డివైడర్ సందులోంచి మనిషి అడ్డం పడినప్పుడో దానికి వెచ్చించడానికి మిగిలేది ఉండదు. నెమ్మది అనేది ముందుగా తెలిసిన ఇబ్బందికి పనికొస్తుంది, చెప్పకుండా వచ్చేదానికి చాలదు. పైగా మన హైవేల మీద లారీల నడుమ కుడి లేన్‌లో గంటకు నలభై కిలోమీటర్ల వేగంతో సాగే కారు తనంతట తానే ఒక ప్రమాదం.

సరిచేసుకునే ఈ తెలివి కూడా ఎంతసేపు నమ్మదగినది? శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం తరచుగా గంజాయి వాడే 191 మందితో చేసి 2022లో ప్రచురించిన అధ్యయనం నా ఉద్దేశంలో ఈ విషయం మొత్తంలో అన్నిటికంటే ముఖ్యమైనది. కొందరికి టీహెచ్‌సీ ఉన్న సిగరెట్లు, కొందరికి అది తీసేసిన సిగరెట్లు ఇచ్చి, అరగంటకు, గంటన్నరకు, ఆపైన కొన్ని గంటల తేడాలతో సిమ్యులేటర్‌లో కూర్చోబెట్టారు. అరగంట దగ్గర మత్తు తాగినవారు "ఇప్పుడైతే బండి ముట్టుకోను" అనే ధోరణిలో ఉన్నారు. గంటన్నరకు వారిలో చాలామందికి ధైర్యం వచ్చింది, ఫర్వాలేదు నడపగలం అనుకున్నారు. డ్రైవింగ్ మాత్రం అరగంట దగ్గర ఎంత లోపంగా ఉందో గంటన్నర దగ్గరా దాదాపు అంతే లోపంగా ఉంది, మామూలు స్థాయికి రావడానికి నాలుగున్నర గంటలు పట్టింది. "దిగిపోయింది, ఇక వెళ్దాం" అని తాళం చెవులు తీసే ఘడియ సరిగ్గా ఈ సందులోనే పడుతుంది. అదే అధ్యయనంలో రక్తంలోని టీహెచ్‌సీకీ డ్రైవింగ్ తీరుకూ పొంతన కుదరలేదు: ఎక్కువ అంకె ఉన్నవారే ఎక్కువ తప్పులు చేశారని చెప్పడానికి వీల్లేకపోయింది.

ఇదంతా పొగ గురించి. తినే రూపంలో లెక్క పూర్తిగా మారుతుంది. హైదరాబాద్‌లో పోలీసులు పదేపదే పట్టుకుంటున్న గంజాయి చాక్లెట్లు గానీ, హోలీనాటి భాంగు గానీ కడుపులోకి వెళ్లి, కాలేయం గుండా వచ్చేసరికి అరగంట నుంచి రెండు గంటలు పడుతుంది. కాలేయంలో టీహెచ్‌సీలో కొంత భాగం మరో మత్తు పదార్థంగా మారుతుంది, దాని బలమూ తక్కువది కాదు. రెండు నుంచి నాలుగు గంటల మధ్య మత్తు పతాకస్థాయికి చేరి, ఆరు, ఎనిమిది గంటల దాకా సాగవచ్చు. ఏమీ ఎక్కలేదని ఇంకో ముక్క నోట్లో వేసుకుని ఇంటికి బయల్దేరినవాడికి మత్తు సగం దారిలో ఎక్కుతుంది.

మద్యంతో కలిపితే జరిగేది వేరుగా చెప్పాలి, ఎందుకంటే పార్టీల్లో జరిగేది ఎక్కువగా అదే. రెండింటి దోషాలూ కలుస్తాయి, గంజాయి వల్ల వచ్చే "నెమ్మదిగా పోదాం" అన్న జాగ్రత్తను మద్యం తినేస్తుంది. అయోవా ప్రయోగాల్లో మద్యం తాగి ఉన్నవారి రక్తంలో టీహెచ్‌సీ గరిష్ఠ స్థాయి మరింత పైకి వెళ్లడం కూడా గమనించారు. బ్రెత్ అనలైజర్ తెర మీద 25 వచ్చిందని వదిలేసిన మనిషి, ఆ 25 వెనుక ఇది కూడా ఉంటే, చాలా ప్రమాదకరమైన డ్రైవరు.

మరి రోడ్డు మీద నిజంగా ప్రమాదాలు ఎంత పెరుగుతున్నాయి? ఇక్కడ అధ్యయనాలు ఒక మాట మీద లేవు, ఆ తేడాను దాచిపెట్టి భయపెట్టడం సరికాదు. 2012లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక సమీక్ష, తొమ్మిది అధ్యయనాలను కలిపి చూసి, గంజాయి వాడిన డ్రైవర్లకు తీవ్రమైన ప్రమాదం జరిగే అవకాశం దాదాపు రెట్టింపని తేల్చింది. 2016 నాటి మరో సమీక్ష అదే లెక్కను సవరించి, పెరుగుదల మూడోవంతుకు కాస్త పైన ఉంటుందంది. అమెరికా జాతీయ రహదారి భద్రతా సంస్థ వర్జీనియా బీచ్ పట్టణంలో ప్రమాదానికి గురైన 3,000 మందికి పైగా డ్రైవర్లనూ, అదే చోట అదే సమయంలో మామూలుగా వెళ్తున్న 6,000 మందినీ పోల్చి 2015లో ఇచ్చిన నివేదికలో మొదట 25 శాతం పెరుగుదల కనిపించింది. వయసు, స్త్రీపురుష తేడా, జాతి వగైరాలను లెక్కలోకి తీసుకునేసరికి అది 5 శాతానికి పడిపోయి, యాదృచ్ఛికమని కొట్టివేయదగినంత చిన్నదయింది. అదే నివేదికలో మద్యం 80 మిల్లీగ్రాములుంటే ప్రమాదం సుమారు నాలుగింతలు.

దీన్ని పట్టుకుని గంజాయి తాగి నడిపితే ఏమీ కాదనేవారున్నారు. ఆ ముగింపు తప్పు, కారణం ఇందాక చెప్పుకున్న జిడ్డులోనే ఉంది. రక్తంలో టీహెచ్‌సీ ఉన్న ప్రతి డ్రైవరునూ ఒకే గంపలో వేస్తే, పది నిమిషాల క్రితం దమ్ము కొట్టినవాడూ, నిన్న రాత్రి తాగి నిద్రపోయి లేచి ఆఫీసుకు వెళ్తున్నవాడూ ఒకే వరుసలోకి వస్తారు. రెండో రకం వారి సంఖ్య ఎక్కువైనకొద్దీ మొదటివారి ప్రమాదం సగటులో కరిగిపోతుంది. ఇంకోవైపు, గంజాయి వాడేవారిలో యువకులు ఎక్కువ, వారు గంజాయి లేకపోయినా ప్రమాదాలు చేసే వయసులో ఉన్నవారే, ఇది లెక్కను పైకి లాగుతుంది. ఈ రెండు లాగుడుల మధ్య నిజం మద్యం కంటే తక్కువ దగ్గర, సున్నా కంటే తప్పకుండా ఎక్కువ దగ్గర ఉందన్నది నా అవగాహన.

ఇంత గజిబిజిలోనూ చట్టాలకు ఒక అంకె కావాలి. వాషింగ్టన్ రాష్ట్రం గంజాయిని చట్టబద్ధం చేసిన 2012లోనే మిల్లీలీటరు రక్తానికి 5 నానోగ్రాముల టీహెచ్‌సీ అని గీత గీసింది. బ్రిటన్ 2015 మార్చి నుంచి 2 మైక్రోగ్రాములు అంటోంది, అది లీటరుకు, అంటే మిల్లీలీటరుకు 2 నానోగ్రాములు. కెనడాలో 2 నుంచి 5 మధ్య ఒక నేరం, 5 దాటితే మరింత పెద్ద నేరం, మద్యంతో కలిసి ఉంటే 2.5 చాలు. జర్మనీ 2024 ఏప్రిల్‌లో గంజాయికి పరిమితంగా అనుమతిచ్చి, ఆగస్టులో డ్రైవింగ్ పరిమితిని 1 నుంచి 3.5 నానోగ్రాములకు పెంచింది. చూడ్డానికి జర్మనీ బ్రిటన్ కంటే ఉదారంగా ఉన్నట్టుంది. అయితే జర్మనీ కొలిచేది రక్తకణాలు తీసేసిన సీరంలో, అక్కడ టీహెచ్‌సీ గాఢత మొత్తం రక్తంలో కంటే దాదాపు రెట్టింపు కనిపిస్తుంది, కాబట్టి రెండు గీతలూ ఇంచుమించు ఒకేచోట ఉన్నాయి. చదువులకూ ఉద్యోగాలకూ ఈ దేశాలకు వెళ్లిన తెలుగువారు "ఇక్కడ లీగలే కదా" అన్న మాట దగ్గర ఆగిపోకూడదు. కెనడాలో 2018 డిసెంబరు నుంచి మత్తులో బండి నడిపిన నేరానికి గరిష్ఠ శిక్షను పదేళ్లకు పెంచడంతో అది వలస చట్టం దృష్టిలో తీవ్రమైన నేరాల జాబితాలోకి చేరింది, శాశ్వత నివాస హోదాకే ఎసరు రావచ్చు.

మన దేశంలో మోటారు వాహనాల చట్టం 185వ సెక్షన్ మద్యానికి అంకె చెప్పి, మత్తు పదార్థాలకు అంకె చెప్పలేదు. బండిని సరిగా అదుపులో ఉంచుకోలేనంతగా మత్తు ప్రభావంలో ఉండటమే నేరమంది. మొదటిసారి ఆరు నెలల వరకు జైలు లేదా 10,000 రూపాయల జరిమానా లేదా రెండూ, మళ్లీ దొరికితే రెండేళ్ల వరకు జైలు లేదా 15,000 జరిమానా లేదా రెండూ. ఇప్పటిదాకా చెప్పుకున్న శాస్త్రంతో పోలిస్తే ఈ మాటల కూర్పు అనేక దేశాల అంకెల కంటే మెరుగ్గా ఉందని నాకనిపిస్తుంది, ఎందుకంటే అది అడగవలసిన ప్రశ్ననే అడుగుతోంది. గంజాయి మాదకద్రవ్యాల చట్టం కిందికి వస్తుంది కాబట్టి అది 185 కిందికి రావడంలోనూ సందేహం లేదు. భాంగు ఆకుల సంగతి వేరు: 1985 నాటి ఆ చట్టం గంజాయి అంటే పూత, కాయలున్న కొమ్మల చివర్లని నిర్వచించి, విడి ఆకులనూ గింజలనూ వదిలేసింది, కాబట్టి డ్రైవింగ్ విషయంలో భాంగు స్థానం కేంద్రం ఇచ్చే నోటిఫికేషన్ మీద ఆధారపడుతుంది. తాగినవాడి మెదడుకు మాత్రం ఆకు టీహెచ్‌సీకీ పూత టీహెచ్‌సీకీ తేడా తెలియదు.

ప్రశ్న సరైనదే, జవాబు రాబట్టే పద్ధతి దగ్గర తడబాటుంది. మన దగ్గర పోలీసులు ఎక్కువగా వాడుతున్నది మూత్ర పరీక్ష కిట్. అందులో గీత కనబడిందంటే, టీహెచ్‌సీ విరిగిపోయాక మిగిలే, మత్తు కలిగించని ఒక అవశేషం దొరికిందని అర్థం. అది ఎప్పుడో ఒకసారి తాగేవారిలో కొద్ది రోజులు, రోజూ తాగేవారిలో నెల దాకా కనిపిస్తుంది. ఆ మనిషి గంజాయి వాడాడా అన్న ప్రశ్నకు అది పనికొచ్చే జవాబు. రాత్రి పదకొండు గంటలకు స్టీరింగ్ ముందు అతను ఎలా ఉన్నాడన్నదానికి అది జవాబే కాదు. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రం 2004 నుంచే రోడ్డు మీద ఉమ్మిని పరీక్షిస్తోంది. ఉమ్మిలో నోటికి అంటుకున్న తాజా టీహెచ్‌సీయే ప్రధానంగా దొరుకుతుంది కాబట్టి, కొన్ని గంటల కిందటి వాడకాన్ని పట్టడంలో మూత్రం కంటే అది ఎంతో నయం.

మనిషిని నడిపించి, ఒంటికాలి మీద నిలబెట్టి చూసే పద్ధతి అమెరికాలో ఉంది. అదీ తిరుగులేనిది కాదు. శాన్ డియాగో బృందమే 2023లో ప్రచురించిన పరీక్షలో, శిక్షణ పొందిన పోలీసు అధికారులు టీహెచ్‌సీ తాగినవారిలో 81 శాతాన్ని మత్తులో ఉన్నట్టు సరిగ్గానే గుర్తించారు, కానీ మత్తు లేని సిగరెట్ తాగినవారిలో కూడా 49 శాతాన్ని అదే ఖాతాలో వేశారు. గంజాయి సిగరెట్ ముట్టించని మనిషికి ఆ పరీక్షలో గట్టెక్కే అవకాశం బొమ్మాబొరుసు కంటే మెరుగ్గా లేదన్నమాట. అందుకే ఏ ఒక్క ఆధారం మీదా కేసు నిలబెట్టకుండా, బండి రోడ్డు మీద ఎలా వచ్చిందన్న వీడియో, ఉమ్మి పరీక్ష, మనిషి తీరు, వీలైనంత త్వరగా తీసిన రక్తం, ఆ రక్తం తీసిన సమయం, ఇవన్నీ ఒకే కాగితం మీదికి రావాలి. ఆఖరిది చిన్నదిగా కనిపిస్తుంది గానీ, గంటలో మారిపోయే పదార్థానికి గంట రాయని నివేదిక వల్ల ఏ పక్షానికీ ఉపయోగం లేదు.

ఇక దేశం మొత్తం మీద గంజాయి వల్ల ఎన్ని ప్రమాదాలు జరుగుతున్నాయని అడిగితే, 2022లో 4,61,312 ప్రమాదాలనూ 1,68,491 మరణాలనూ నమోదు చేసిన కేంద్ర రవాణాశాఖ వార్షిక నివేదికలో ఆ ప్రశ్నకు విడిగా గడి లేదు. మద్యం, మత్తు పదార్థాలు రెండూ కలిపి ఒకే గడి. ప్రమాద స్థలంలో మొదటి కాగితం నింపే స్టేషన్ అధికారి చేతిలో ఉన్న యంత్రం మద్యానిదే కాబట్టి, ఆ గడిలోకి చేరేది కూడా ఎక్కువగా ఊదితే తెలిసినదే. సున్నా చూపించిన ఆ యువకుడి బండి డివైడర్‌ను గుద్దితే, కాగితం మీద కారణం "అతివేగం" అనో "నిర్లక్ష్యం" అనో పడుతుంది.